జనం వచ్చే దిక్కు

ఫ్రాంచైజీ కాగితాల మీద సంతకం పెట్టిన మరుక్షణం కొత్త యజమాని నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, షటర్ ఏ దిక్కుకు ఉంటే మంచిది?"

"జనం వచ్చే దిక్కుకు" అనేవాణ్ని.

వాళ్లు నవ్వేవారు. నేను జోకు వేస్తున్నాననుకునేవారు. తర్వాత నన్ను సాగనంపి సిద్ధాంతికి ఫోన్ చేసేవారు. నా ఉద్యోగం మొత్తం ఆ ఫోనుకూ నా జవాబుకూ మధ్య జరిగిన పోట్లాటే అంటే అబద్ధం కాదు. ఆ పోట్లాటలో నాకు దొరికినంత ఉత్సాహం, యువకుడిగా హేతువాద సభల్లో బల్ల గుద్ది వాదించినప్పుడు కూడా దొరకలేదు. సభలో గెలిస్తే చప్పట్లు వస్తాయి. ఇక్కడ గెలిస్తే ఒక మనిషి దుకాణం నిలబడుతుంది!

పేరు అద్దెకు వస్తుంది, గిరాకీ రాదు

నేను పనిచేసింది కర్రీ పాయింట్ల కంపెనీలో. ఇంట్లో అన్నం ఒక్కటే వండుకుని, పప్పూ కూరా సాంబారూ ప్యాకెట్లలో కొనుక్కుపోయే అలవాటు మీద బతికే దుకాణాలివి. మల్లాపూర్‌లో కంపెనీ పెద్ద వంటశాల నడుపుతుంది. వ్యాన్లు పొద్దునా సాయంత్రం గిన్నెలు దించిపోతాయి. వేడి చెయ్యడం, కట్టివ్వడం, అమ్మడం ఫ్రాంచైజీ యజమాని పని. లాలాపేట్ నుంచి నాగారం దాకా ఉన్న దుకాణాలకు నేను ఫీల్డ్ ఆఫీసర్ని. అంటే కంపెనీ దగ్గర యజమాని తరఫునా, యజమాని దగ్గర కంపెనీ తరఫునా తిట్లు తినే మనిషిని.

ఈ వ్యాపారంలోకి, లేదా నా ఉద్యోగంలోకి వచ్చే చిన్నవాళ్లకు ముందే ఒక మాట. బోర్డు మీది పేరు మీకు అద్దెకు వచ్చింది. గిరాకీ అద్దెకు రాదు. ప్రకటనలు కంపెనీ ఇస్తుంది, రుచి వంటశాల చూసుకుంటుంది, మనం గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు అనుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువమంది కూర్చునే ఉండిపోయారు. కొనేవాళ్లు వేరే దుకాణానికి వెళ్లిపోయారు. నిలబడ్డవాళ్లు వేరే రకం. సాయంత్రం రద్దీలో తామే కౌంటర్ దగ్గర నిలబడి, ఏ కూర లేదంటే ఏ ముఖం ఎలా మారిందో చూసుకున్నవాళ్లు వాళ్లు.

ఇదంతా నాకు బాగా అర్థమైంది నాచారంలో అనసూయ దుకాణం దగ్గర.

మూసిన షటర్

అనసూయ మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేది. ఫ్యాక్టరీ మూతపడింది. చేతికొచ్చిన డబ్బుతో మా ఫ్రాంచైజీ తీసుకుంది. తక్కువపడిన డబ్బు ఆమె అక్క భర్త యాదగిరి వేశారు. ఆయనకు ఉప్పల్‌లో ఆటో విడిభాగాల దుకాణం ఉంది. డబ్బు వేశాక మాట కూడా వేస్తారు కదా, అక్కడే మొదలైంది.

దుకాణం చక్కని మూల మీద ఉంది. దక్షిణం వైపు పెద్ద రోడ్డు, తూర్పు వైపు ఒక సందు. మొదట్లో గిరాకీ బ్రహ్మాండంగా ఉండేది. తర్వాత పైపులైను కోసం పెద్ద రోడ్డు తవ్వారు. బండి ఆపే చోటు లేక జనం తగ్గారు. ఎవరికైనా కనిపించే కారణం అది. గుంత కళ్ల ముందే ఉంది! కానీ యాదగిరి సిద్ధాంతిని తీసుకొచ్చారు. దక్షిణం యముడి దిక్కు, అటు గుమ్మం పెట్టుకుంటే నాశనమే అని ఆ సిద్ధాంతి తేల్చాడు. దక్షిణం షటర్ దించేశారు. తూర్పు గోడ పగలగొట్టి సందులోకి కొత్త షటర్ పెట్టారు. పైన బూడిద గుమ్మడికాయ కట్టారు.

నేను నాగారంలో కొత్త దుకాణం తెరిచే పనిలో ఉండి కొంతకాలం అటు వెళ్లలేదు. వెళ్లేసరికి గుంత పూడ్చేశారు, రోడ్డు మీద బండ్లు మళ్లీ జోరుగా తిరుగుతున్నాయి. మా ఎర్ర బోర్డు కింద మాత్రం షటర్ మూసి ఉంది. బండి మీద పోయేవాడెవడైనా ఏమనుకుంటాడు? దుకాణం ఎత్తేశారనుకుంటాడు!

సందులోకి తిరిగి వెళ్తే యాదగిరి స్టూలు మీద దర్జాగా కూర్చుని ఉన్నారు.

"రాన్రి సార్! చూసిన్రా తూర్పు తలుపు? పొద్దుగాల సూర్యుడు సీదా గల్లాపెట్టె మీద పడ్తడు."

"సూర్యుడొస్తున్నడు సరే యాదగిరి గారూ, గిరాకీ వస్తుందా?"

"వస్తది సార్. జర టైం పడ్తది. దిక్కు మారింది గదా, దేవుళ్లకు గూడ అడ్రస్ తెల్వాలె."

అనసూయ గరిటె చప్పుడు చేస్తూ గిన్నె మీద పెట్టింది. "బావా, దేవుళ్లకు తెల్వకున్నా నడుస్తది. హెచ్‌ఆర్ మేడమ్ తెల్వదా, రోజూ గుత్తివంకాయ తీస్కపోతుండె? ఆమెకు తెల్వాలె అడ్రస్."

"నువ్వు ఊకో పిల్లా. మంచి చేద్దామంటే మీదికొస్తవ్."

అప్పటికే కంపెనీలో నా పై అధికారి రాఘవరావు గారు ఆమె ఫైలు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఒప్పందం ప్రకారం దుకాణం ముఖం మెయిన్ రోడ్డుకే ఉండాలి. ఈ నెలాఖరుకు ముఖం తిరగకపోతే, గిరాకీ పెరగకపోతే ఫ్రాంచైజీ రద్దు. ఆ మూల కోసం ఇంకో ఆసామి అప్పటికే తిరుగుతున్నాడు. ఈ సంగతి అనసూయకు చెప్పక తప్పలేదు. ఉన్నదంతా ఇందులోనే పెట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఇంకో దారి ఉందనుకుంది. ఇప్పుడా దారే మూసుకుపోతోంది.

రెండు శాస్త్రాలు

నాకు కోపం ఆగలేదు. ఒక మనిషి జీవితం మీదకు తెచ్చిన ఆ దిక్కుల కథ మీద సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. యముడికి పని లేక నాచారంలో కూరల దుకాణం కాపలా కాస్తున్నాడా అన్నాను. ఇదే రోడ్డులో దక్షిణం ముఖంతో ఉన్న మందుల షాపు, బేకరీ, సెలూన్ కిటకిటలాడుతున్నాయి, వాటిని యముడు ఎందుకు వదిలేశాడన్నాను.

యాదగిరి సావధానంగా విన్నారు. విని నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"సార్, మీరు సిద్ధాంతిని మస్తు తిట్టిన్రు, బాగుంది. మీ కంపెనీ పుస్తకంల కూర ఒక్క సైజు ప్యాకెట్లనే అమ్మాలె అని ఉంది గదా. ఎందుకు?"

"అది రూలు."

"గదే ఎందుకంటున్న."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. అన్ని సంవత్సరాలుగా ఆ రూలు అందరి చేతా పాటింపజేస్తున్నాను, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఆయన తొడ మీద చరిచి నవ్వారు. "ఆఁ! సిద్ధాంతి గూడ గట్లనే అంటడు సార్. 'అది శాస్త్రం' అంటడు. మీరు మీ శాస్త్రం చదువుతరు, ఆయన ఆయన శాస్త్రం చదువుతడు. నడుమ మా మరదలు కూరలు అమ్ముకుంటది."

ఇంత మంచి దెబ్బ నన్ను ఏ సభలోనూ ఎవరూ కొట్టలేదు!

ఇక్కడ ఆగి ఒక ముచ్చట చెప్పాలి. నాతో పాటు సభల్లో తిరిగిన మిత్రుడొకడు లాలాపేట్‌లో మా ఫ్రాంచైజీ తీసుకున్నాడు. కార్తీక సోమవారాల్లో జనం కోడికూర తినకపోవడం మూఢత్వమని, వాళ్లను మార్చాలని, ఆ రోజుల్లో పట్టుబట్టి చికెన్ రెట్టింపు తెప్పించాడు. "వాళ్లు తినే దాకా అమ్ముతా" అన్నాడు. చివరికి అతని ఇంటిల్లిపాదీ తిన్నారు, మా ఇంటికీ పంపాడు. కొనేవాడి నమ్మకాన్ని నువ్వు నమ్మనక్కర్లేదు. కానీ సోమవారం అతను చికెన్ కొనడనేది నమ్మకం కాదు, వాస్తవం. వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోనివాడు ఏం హేతువాది? వాదన సభలో చెయ్యి. దుకాణంలో గమనించు.

అందుకే ఆ పూట యాదగిరితో వాదన ఆపేశాను.

"మీ శాస్త్రం వద్దు, నా శాస్త్రం వద్దు" అన్నాను. "ఒకరోజు దక్షిణం షటర్ తెరుద్దాం, ఒకరోజు తూర్పుది. మార్చి మార్చి చేద్దాం. వచ్చినవాళ్లను ఎందుకొచ్చారో అడుగుదాం. తేలిపోతుంది."

"ఓడిపోతే ఏమిస్తరు సార్?"

"ఓడిపోతే సిద్ధాంతి ముందు నేనే కొబ్బరికాయ కొడతా. మీరు ఓడిపోతే?"

ఆయన తల పైకెత్తి చూశారు. "ఆ గుమ్మడికాయ నేనే దించుత."

"దించి ఏం జేస్తవ్ బావా, పులుసు పెడ్తవా?" అంది అనసూయ. ఆ పూట ఆమె నవ్వడం అదే మొదలు.

ఒకరోజు అటు, ఒకరోజు ఇటు

ఉద్యోగంలో అంతకంటే ఆనందంగా గడిపిన రోజులు నాకు లేవు. రోజూ ఆఫీసులు వదిలే వేళకు నేను అక్కడ ఉండేవాణ్ని. యాదగిరి కూడా తన దుకాణం కొడుకుకు అప్పగించి అదే వేళకు వచ్చేవారు, నేను మోసం చేస్తానేమోనని.

దక్షిణం షటర్ లేపిన మొదటి సాయంత్రమే జనం బండ్లు ఆపారు. హెల్మెట్ తియ్యకుండానే ఒకాయన అరిచారు: "అరె, ఉన్నరా మీరు? ఎత్తేసిన్రనుకున్నం!" రైల్వేలో పనిచేసే ఒకాయన, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన టీచరమ్మ, ఐటీ కుర్రాళ్లు, అందరిదీ అదే మాట. టీచరమ్మైతే కోప్పడింది కూడా. "ఏమ్మా అనసూయా, చెప్పాపెట్టకుండా మూసేస్తే ఎలా? ఇన్నాళ్లూ మా ఆయన వండిన పప్పు తిన్నాం తెలుసా?"

అనసూయను చూడాలి ఆ సాయంత్రం! ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ప్యాకెట్, నోటితో క్షమాపణ, కళ్లతో లైను చివర ఎవరున్నారో చూసుకోవడం. నేను యాదగిరి వైపు గర్వంగా చూశాను. ఆయన గుమ్మడికాయ వైపు దిగులుగా చూశారు.

ఇక నేను గెలిచానని అనుకున్నాను. కానీ ఆ రాత్రి గిన్నెల అడుగున చాలా కూర మిగిలింది. మర్నాడు తూర్పు షటర్ తెరిచాం. ఆ రాత్రి జనం పలచగా ఉన్నారు, అయినా అంత మిగల్లేదు. మళ్లీ దక్షిణం తెరిస్తే మళ్లీ మిగిలింది. ఎవరో వచ్చి కొంటున్నారు, తూర్పు తెరిచిన రోజుల్లో మాత్రమే.

యాదగిరి లేచి నిలబడ్డారు. "చెప్పిన్నా సార్? తూర్పు!"

అబద్ధం చెప్పను, కొబ్బరికాయ గుర్తొచ్చింది. కానీ వెంటనే ఒళ్లంతా ఉత్సాహం పట్టుకుంది. మనకు నచ్చని ఫలితం వచ్చినప్పుడే కదా అసలు పరీక్ష మొదలయ్యేది! "కొబ్బరికాయకు తొందరేం లేదు" అన్నాను. "ఎవరు కొంటున్నరో చూద్దాం."

అర ప్యాకెట్

తరువాతి తూర్పు రోజున మధ్యాహ్నం నుంచీ సందులోనే నిలబడ్డాను. ఎండ దిగే వేళకు మల్లాపూర్ వర్క్‌షాపుల్లో షిఫ్టు వదిలారు. ఆడవాళ్లు గుంపుగా ఆ సందులోంచే నడిచి వస్తున్నారు. నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అనసూయక్కా, బెండకాయ సగం కట్టు."

"నాకు పప్పు సగం. రేపు తూర్పే గదా తెరిచేది? నిన్న వచ్చి పోయినం."

అనసూయ చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. సగం! కంపెనీ పుస్తకంలో లేని అర ప్యాకెట్ ఆమె చాలాకాలంగా కట్టి ఇస్తోంది.

నేను ముందు నిలబడ్డ ఆవిడను అడిగాను. "అమ్మా, అటు పెద్ద రోడ్డు దిక్కు తెరిచినప్పుడు ఎందుకు రారు? నాలుగడుగులే గదా."

"ఆడ ఎండ సార్. ముఖం మీద కొడ్తది. దినమంతా మిషన్ కాడ నిలబడి వస్తం, మళ్ల ఎండల నిలబడాల్నా? గీడ నీడుంటది." గొంతు తగ్గించింది. "ఇగ ఆడ బండ్లోళ్లు అందరుంటరు. వాళ్లు పెద్ద పెద్ద ప్యాకెట్లు తీస్కుంటుంటే సగం ఇయ్యమని ఎట్లడుగుతం? నామోషీ గాదా?"

వెనకున్నావిడ ఊరుకోలేదు. "నువ్వు ముచ్చట పెట్టకే, జల్ది తీస్కో. నా బస్సు పోతది."

ఎగిరి గంతేద్దామనిపించింది! దిక్కు కాదు, నీడ. మధ్యాహ్నం దాటితే ఆ కట్టడం నీడ సందులో పడుతుంది. సందు వాళ్లు ఇంటికి పోయే దారి. సగం అడగడానికి చాటు. మూడు కారణాలు, మూడూ కళ్లకు కనిపించేవే. సిద్ధాంతి ఒక గోడ పగలగొట్టించాడు, ఆ గోడ అవతల ఎవరు నడుస్తున్నారో ఆయనా చూడలేదు, మా కంపెనీ కూడా చూడలేదు.

అనసూయ మాత్రం భయపడిపోయింది. "సార్, సగం సంగతి ఆఫీసుల చెప్తరా? చెప్తే ఇగ పోయినట్టే గదా నా దుకాణం."

"చెప్పకుంటే పోతది అనసూయమ్మా. చెప్తేనే నిలబడ్తది."

ఆమెకు నమ్మకం కుదరలేదు. నిజానికి నాకూ పూర్తిగా లేదు.

లైన్లో రాఘవరావు గారు

రాఘవరావు గారు చెడ్డవారు కాదు. శుభ్రత విషయంలో ఆయన రాసిన రూళ్లను నేను ఇప్పటికీ సమర్థిస్తాను. గిన్నె మూత, చేతి తొడుగు, మిగిలిన కూర మర్నాడు అమ్మకూడదనడం, వీటిలో ఒక్కదాన్ని సడలించిన యజమాని కూడా బాగుపడలేదు. ఆయనతో చిక్కల్లా ఒకటే: రాసిన ప్రతి అక్షరమూ ఒకే బరువు అనుకుంటారు.

"ఏమండీ, మీరు కంపెనీ తరఫా, ఆవిడ తరఫా?" అన్నారు, నేను ఆఫీసుకెళ్లి అంతా చెప్పగానే. "షటర్ తిప్పేసింది, గోడ పగలగొట్టింది, ఇప్పుడు అర ప్యాకెట్ కూడానా?"

"ఒక్కటే అడుగుతాను సార్. ఒకే సైజు ప్యాకెట్ అనే రూలు ఎవరు రాశారు?"

"నేనే రాశాను."

"ఎందుకు?"

ఆయన కళ్లజోడు తీశారు. నేను ఎదురుచూడని జవాబు వచ్చింది, సరైన జవాబు వచ్చింది. "మొదట్లో ఒక దుకాణంలో కట్టిన ప్యాకెట్ విప్పి, సగం అమ్మి, మిగతా సగం మళ్లీ ముడేసి పెట్టేవాళ్లు. పాడైంది. గొడవైంది. అందుకని."

"అనసూయ గిన్నెలోంచి నేరుగా చిన్న కవర్లో కడుతోంది సార్. విప్పేదేం లేదు. మీరొచ్చి చూడండి."

ఆయన వచ్చారు. షిఫ్టు వదిలే వేళకు సందులోకి దిగి, కౌంటర్‌కు అడ్డంగా నిలబడి గిన్నెల్లోకి తొంగి చూడడం మొదలుపెట్టారు. వెనక నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఓ సార్! లైన్ల నిలబడున్రి. అందరం ఆకలి మీదనే ఉన్నం."

రాఘవరావు గారు, తన కంపెనీ దుకాణంలో తానే, గబగబా వెళ్లి లైను చివర నిలబడ్డారు. నేను నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాను. ఆయన నీడలో నిలబడి, ముందున్న ప్రతి ఒక్కరూ ఏం అడుగుతున్నారో, అనసూయ ఏ చేత్తో ఎలా కడుతోందో చూశారు. కౌంటర్ దాకా వచ్చేసరికి ఆయన ముఖం మారింది.

"ఏం కావాలి సార్?" అంది అనసూయ. 

"దొండకాయ వేపుడు" అన్నారు. కాస్త ఆగి, "అర ప్యాకెట్" అన్నారు.

ఆ మాటతోనే ఆమె దుకాణం నిలబడింది. తరువాత ఒప్పందం కాగితం ఏదో మారింది, అది నాకు గుర్తు లేదు, గుర్తుంచుకోదగ్గదీ కాదు. సందు వైపు షటర్ ఎండ దిగే వేళకు, రోడ్డు వైపు షటర్ ఆఫీసులు వదిలే వేళకు. రెండూ తెరిచేందుకు ఒప్పుకున్నారు. చిన్న ప్యాకెట్ తరువాత మిగతా దుకాణాలకూ వెళ్లింది.

చిన్నవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఇందులోనే ఉంది. ఫ్రాంచైజీ అంటే విధేయత కాదు, తిరుగుబాటూ కాదు. ప్రతి రూలునూ ఎందుకని అడగండి. కారణం చెప్తే, మీకు కష్టమైనా పాటించండి. కారణం మీ దుకాణానికి వర్తించకపోతే, దాచుకుని తప్పించుకోకండి. చూపించి మార్పించండి. దాచిన మంచి పని మీ ఒక్కరికే పనికొస్తుంది, పట్టుబడితే అదీ పోతుంది. సిద్ధాంతి చెప్పినా, కంపెనీ చెప్పినా, నేను చెప్పినా, వీధిలోకి వెళ్లి సరిచూసుకోండి.

ఉప్పల్ ఫుట్‌పాత్ మీద

పందెం సంగతి మిగిలిపోయింది. యాదగిరి ఓటమి ఒప్పుకుంటారా! "తూర్పు తలుపు వల్లనే గదా కంపెనీ దిగొచ్చింది? సిద్ధాంతి చెప్పకుంటే గోడ పగులుతుండెనా?" అని నాచారం అంతా చెప్పుకున్నారు.

అనసూయ గరిటె ఎత్తి చూపించింది. "తూర్పు గాదు బావా, నీడ. గోడ పగలగొట్టమన్నోడు నీడ సంగతి చెప్పిండా? నడిచొచ్చేటోళ్ల సంగతి చెప్పిండా? గుంత పూడినంక రోడ్డు షటర్ తెరువుమని చెప్పిండా?"

ఆయన తన స్టూలు నీడలోకి జరుపుకున్నారు. నన్ను కొబ్బరికాయ కొట్టమని అడగలేదు. గుమ్మడికాయ మాత్రం దించలేదు. అది కుళ్లి తనంతట తానే ఒక మధ్యాహ్నం ఆయన స్టూలు పక్కనే పడింది. మళ్లీ కొత్తది కట్టలేదు. 

నేను రిటైరయ్యాక ఈమధ్య ఒక రోజు ఆయన ఫోన్ చేశారు. "సార్, నేను గూడ మీ కర్రీ పాయింట్ తీసుకుందమనుకుంటున్న. ఉప్పల్‌ల ఒక మడిగె చూసిన, షాపు మంచిగుంది. ముఖం ఏ దిక్కుకుంటే..."

"మీ మరదలిని అడిగారా?"

"అడిగిన. తిట్టింది."

"ఏమని?"

"'ముందుగాల ఆ రోడ్డు మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నిలబడి సూసి రా బావా, తర్వాత దిక్కు సంగతి మాట్లాడు' అన్నది."

ఫోన్లో వెనక హారన్లు, బస్సు కండక్టర్ అరుపులు, జనం సందడి వినిపిస్తున్నాయి.

"మరి మీరిప్పుడు ఎక్కడున్నారు?" అన్నాను.

"ఏడుంట సార్, గీ రోడ్డు మీదనే నిలబడ్డ" అన్నారాయన. "ఒక్క మాట చెప్తా వినున్రి. పొద్దటి సంది చూస్తున్న. జనమంతా అవతలి దిక్కు నుంచే వస్తున్రు. నేను చూసిన మడిగె గీ దిక్కున్నది. గిది నాకొద్దు."